బీల భూములు: కేంద్ర అనుమతికి హద్దెక్కడ?

సుమ్మాదేవి: సోంపేట బీల చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి కేంద్ర పర్యావరణ శాఖ 2009 డిసెంబరులో అనుమతినిచ్చింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసిందీ అదే రోజున! ఒక్కరోజు ముందు చేసి ఉంటే? అన్న ప్రశ్న నేటికీ మిగిలే ఉంది.

నీటి నేలను నిరుపయోగ భూమిగా చూపిన కాగితాలను నమ్మి ఆమోదముద్ర వేయడం నియంత్రణ అనిపించుకోదు. అథారిటీ స్థానంలో 2010లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ వచ్చింది. అయితే అనుమతిపై అప్పీలుకు గడువు 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. దక్షిణ ధర్మాసనం ఉన్నది చెన్నైలో. అనుమతి సంగతిని స్థానిక పత్రికల్లో ప్రకటించాలన్న నిబంధన లేకపోలేదు. ఆ చిన్న అక్షరాల ప్రకటనను ఉద్దానంలో ఎందరు రైతులు చదువుతారు?