చిందుకు ఊరు కావాలి

2024లో గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చాకనే పట్నంలో చాలామంది చిందు యక్షగానం పేరు విన్నారు. ఆయనది జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె. కీచకుడి వేషానికి పెట్టింది పేరు. ఆ ఏడాది పద్మశ్రీలకు రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షల రూపాయలు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. మంచి పని. కానీ చిందు ఒక్కరి విద్య కాదు. ఇంటిల్లిపాదీ ఆడితేనే ఆట. ఒకరు మద్దెల, ఒకరు తాళం, ఆడవాళ్లకూ వేషాలే. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ మగవేషాలతోనూ మెప్పించిన తల్లి.

వేషం కట్టే వేళ చూడాలి ఆ సంబురం. తేలికైన పొణికి కర్రతో చేసి అద్దాలు పొదిగిన కిరీటం, భుజకీర్తులు, ముఖాన పచ్చటి అర్దళం, కాళ్లకు బరువైన గజ్జెలు. పొద్దంతా కూలికి పోయొచ్చిన మనిషి దరువు అందుకోగానే రాజై లేస్తాడు. తెల్లారేదాకా దిగడు. అలాంటి ఆటను మనం సభల్లో, అతిథులు వచ్చేలోపు ఇరవై నిమిషాల్లో ముగించమంటున్నాం. ఇది నాకు మింగుడుపడదు.

ఈ ఆట ఆడే చిందోళ్లు మాదిగలకు ఆశ్రితులు. ఒక్కో కుటుంబానికి తాతల నాటి హక్కు ఊళ్లుండేవి. ఆ ఊళ్లకు పోయి మాదిగల కులకథ జాంబపురాణం చెప్పి, ఎల్లమ్మ వేషం కట్టి, ఆటాడి, ఇచ్చింది తెచ్చుకునేవాళ్లు. సినిమా, టీవీ, వలసలు ఆ కట్టును తెంపేశాయి. దాన్ని మళ్లీ అట్లాగే అతికించమని నేననను. అందులో కళతో పాటు కులమూ ఉంది, చెయ్యి చాపాల్సిన అవమానమూ ఉంది.

మరి వేరే దారి ఉందా? ఇటలీలో, తస్కనీ కొండల మీద మొంటికియెల్లో అనే చిన్న ఊరుంది. అక్కడి రైతులు పంటలో సగం భూస్వామికి కొలిచే పాలుదార్లు. ఆ పద్ధతి కూలిపోయి, పిల్లలు పట్నాల దారి పడుతున్న కాలంలో, 1967లో, ఊరే నాటకం కట్టింది. ఏటా ఎండాకాలం ఊరి నడుమ చౌకులో ఆడుతున్నారు. ఏం ఆడాలో ఊరివాళ్లే కూర్చుని మాట్లాడుకుంటారు, వాళ్లే వేషాలు కడతారు. 1944 ఏప్రిల్‌లో ఫాసిస్టులతో తమ ఊళ్లో జరిగిన పోరునూ ఆడారు. తమ బతుకునే కథ చేసుకున్నారు కాబట్టి ఊరు వాళ్ల వెంట నిలిచింది.

మనకు కథలు తక్కువా? సమ్మయ్య గారి మండలంలోనే కడవెండి ఉంది. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన ఊరు. చాకలి ఐలమ్మ తన భూమి కోసం నిలబడ్డ పాలకుర్తి పక్కనే. భూపాలపల్లిలో బొగ్గు గనుల కింద పోయిన భూములున్నాయి, మహబూబాబాద్‌లో ధర పడిపోయి మార్కెట్లో కూలబడ్డ మిర్చి రైతున్నాడు. కీచకవధ ఉండాల్సిందే, సారంగధర ఉండాల్సిందే. వాటి పక్కన వీటినీ చిందు దరువులో కట్టాలి. కట్టేది మాత్రం చిందు పిల్లలే కావాలి. ప్రభుత్వ పథకాల ప్రచారం రాసిచ్చి పాడమంటే అది చిందు కాదు.

అందుకు చేయాల్సినవి అంత పెద్ద పనులేం కావు. జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో ఊరి పండుగ ఖర్చులో ఒక పూర్తి రాత్రి ఆటకు పంచాయతీలు డబ్బు కేటాయించాలి. దాన్ని దయగా కాదు, కూలిగా ఇవ్వాలి. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం చిందు పెద్దలను పిలిచి గురువుల జీతంతో కూర్చోబెట్టాలి, ఏ కులం పిల్లలు వచ్చినా నేర్పించాలి. చిందోళ్ల ఇంటి పిల్ల ఇంజనీరో నర్సో అవుతానంటే ఆమెకు స్కాలర్‌షిప్ ఆగకుండా అందాలి. ఈ ఎండాకాలం జాతరల్లోనే మొదలుపెట్టొచ్చు.