బొమ్మల వరుస

చెప్పిన పని నడుమనే మఱచు ఎదిగిన బిడ్డను "వీనికి తెలియ"దని మూల గూర్చుండబెట్టుట మన యిండ్లలో వాడుక. మన తదనంతరము వానిగతి యేమన్న దిగులు మాత్రము మనలను విడువదు. నోటిమాట పలికినంతనే పోవును; బొమ్మ కన్నులయెదుట నిలుచును.

మా రొళ్ల ప్రాంతపు చింతపండు హిందూపురము మార్కెట్టునకు బోవును. ఆ పనినే చూడుడు. పెంకు తీయుట, నార లాగుట, గింజ వేఱుచేయుట, గంప కెత్తుట: వీనికి నాలుగు బొమ్మలు గీసి త్రాటికి వరుసగా వ్రేలాడదీయవలెను. ఒక పని ముగియగానే బిడ్డ యా బొమ్మను వెనుకకు ద్రిప్పును; ఎదుట మిగిలినదే తరువాతి పని.

బొమ్మలు కట్టిన పిమ్మట మనము నోరు మెదపరాదు. అడుగడుగున నందించినచో వాడు బొమ్మను గాక మన మొగమునే చూచును. రేపు కూలికి బోయినచోట మనముండము, బొమ్మలుండును.

బుద్ధిమాంద్యము గలవారికై 1984లో సికింద్రాబాదున నెలకొన్న జాతీయ సంస్థ వృత్తివిద్యయు, నుపాధ్యాయులకు శిక్షణయు నొసగుచున్నది. 2016 నాటి చట్టము ప్రభుత్వోద్యోగములలో దివ్యాంగులకు 4 శాతము కేటాయించినది. అందు వీరికిని పాలు గలదు. చట్టము తలుపు తెఱచును. లోనికి నడువ నేర్పుట యింటిపని. నేడే యొక చిన్నపనితో మొదలిడుడు.