కంత పెట్టుకొని తూము మరచినవాళ్ళం



కారు పైకప్పులో అమర్చే గాజు పలకను లోకం సన్‌రూఫ్ అంటోంది. జీవితమంతా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన నోరు ఊరుకోదు గనుక దానికి నేను ‘ఆకాశగవాక్షం’ అని పేరు పెట్టుకున్నాను. గవాక్షమంటే గోవు కన్ను. కన్ను ఉన్నది చూడడానికి. అందులోంచి మనిషి నడుము దాకా పైకి లేవడానికి కాదు. నా తగవంతా ఇక్కడే.

పరోపదేశం కాదిది, నా తప్పుతోనే మొదలుపెడతాను. క్రిందటేడు సంక్రాంతికి మా అబ్బాయి కారులో ఊరికి పోతూ, మనవడు మారాం చేస్తే నేనే వాణ్ణి ఎత్తి ఆ కంతలో నిలబెట్టాను. “మెల్లగానే పోతున్నాం కదా” అన్నాను కూడాను. ఊరి మలుపులో కుక్క అడ్డం వచ్చింది. అబ్బాయి బ్రేకు తొక్కాడు. కారు ఆగింది, పిల్లవాడు ఆగలేదు. గడ్డం కప్పు అంచుకు కొట్టుకొని రెండు కుట్లు పడ్డాయి. అది మెల్లగా పోతున్నప్పటి మాట. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఆ వేగంలో ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు. పైగా అవి గాలిపటాల రోజులు. రోడ్డుకు అడ్డంగా మాంజా దారం ఒక్కటి వేలాడినా చాలు, కంఠం తెగడానికి.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి అనే సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్ళు నిండని పిల్లలను బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా తీసుకుపోతే 1,000 రూపాయల జరిమానా. నిలబడ్డ పిల్లవాడికి బెల్టెక్కడిది? అయినా పెళ్ళి ఊరేగింపులోనూ, తీర్థయాత్రలోనూ పిల్లలను ఆ కంతలో జెండాలా నిలబెట్టి ఫొటోలు తీసుకుంటున్నాం. దీన్ని ముద్దు అంటారా? నేను మౌఢ్యమంటాను.

ఇక రెండో అపరాధం. వానాకాలంలో అదే కారు లోకప్పు గుడ్డ తడిసి, నీళ్ళు మా కోడలి భుజం మీద పడ్డాయి. ఒక దుకాణంవారు గాజు చుట్టూ ఉన్న రబ్బరంతా మార్చాలని పెద్ద లెక్క చెప్పారు. మా వీధి చివరి ముసలి మెకానిక్ మాత్రం కప్పు తెరిచి, మూలనున్న కాలువలో కొద్దిగా నీళ్ళు పోశాడు. నీళ్ళు కదలలేదు. గొట్టం నోట్లో వేపాకులూ దుమ్మూ పేరుకొని ఉన్నాయి. అవి తీయగానే చక్రం దగ్గర నేల మీదికి ధార కట్టింది.

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. రబ్బరు నీళ్ళను పూర్తిగా ఆపదు, ఆపాలని దాన్ని పెట్టనూ లేదు. దాన్ని దాటి వచ్చిన నీరు చుట్టూ ఉన్న కాలువలో పడి, మూలల గొట్టాలగుండా, కారు స్తంభాల లోపలినుంచి కిందికి పోవాలి. మన మండువా లోగిళ్ళూ అంతే కదా! నడికప్పుకు ఆకాశమంత కంత పెట్టిన పెద్దలు, కింద నీళ్ళు పోయే తూము కూడా కట్టారు. వానకు ముందే దాన్ని శుభ్రం చేసేవారు. మనం కంతను మాత్రం కొనుక్కొని తూమును మరచిపోయాం.

చెయ్యవలసినది కొండంత పనేమీ కాదు. వానాకాలానికి ముందొకసారి కాలువలో నీళ్ళు పోసి చూడండి. పోకపోతే పుల్లలతో గట్టిగా పొడవకండి, లోపల గొట్టం ఊడితే మొదటికే మోసం. రబ్బరునూ పట్టాలనూ తడిగుడ్డతో తుడిచి, కంపెనీ చెప్పిన గ్రీజు మాత్రమే రాయండి. వాన వెలిసిన వెంటనే తెరవకండి. రోహిణీకార్తె ఎండలో నిలిపిన కారు ఎక్కగానే వెనక అంచు కొద్దిగా ఎత్తితే వేడిగాలి పైకి పోతుంది. ఆ పైన మూసి, లోపలి తెర లాగండి. ఈ సౌఖ్యం కోసమే అయితే ఆకాశగవాక్షం మంచిదే.

ఇదంతా కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది, ఇంగ్లీషులో. లక్షలు తీసుకొని తెలుగునాట కారు అమ్మేవారికి, ప్రాణం కాపాడే నాలుగు పుటలు తెలుగులో అచ్చువేయడం బరువా? వారిని అడగవలసిందే. కానీ ఇంగ్లీషు వచ్చిన మా అబ్బాయీ ఆ పుస్తకం తెరవలేదు, తెలుగు వచ్చిన నేనూ తెరిపించలేదు. మనవడి గడ్డం మీది మచ్చ ఏ భాషలోనైనా చదువుకోవచ్చు.