పరుగు నేర్చు బిడ్డల బూట్లు



మా చిన్నమ్మాయి బడిలో క్రాస్ కంట్రీ పరుగున చేరినప్పుడు, ఎదుగు కాళ్లు గదా యని రెండు నంబర్లు పెద్దవైన బూట్లు కొంటిని. వారము తిరుగక మునుపే మడమలు బొబ్బలెక్కినవి; బొటనవ్రేలి గోరు నల్లబడినది. మరల ఖర్చగునని వెఱచి బిడ్డ నాతో చెప్పనే లేదు. తప్పు నాదే.

ఈ పరుగు చదునైన బాటపై గాక గడ్డిలో, బురదలో, మిట్టపల్లములలో సాగును. కావున అడుగున గండ్లు కలిగి నేలను పట్టునట్టి తేలికబూట్లు కావలెను. మేకుల బూట్లు క్రొత్తవారికి వలదు.

పగలెల్ల తిరిగిన పాదములు సాయంకాలమునకు కొంచెము ఉబ్బును. అప్పుడు మేజోళ్లు తొడిగి, బిడ్డను నిలువబెట్టి, రెండు పాదములను కొలిపింపుడు. పెద్దదానికి సరియగు జత కొనుడు. వ్రేళ్ల ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను, మడమ జారరాదు. అంగడిలోనే నాలుగడుగులు పరుగెత్తించి చూడుడు.

తడిసిన బూట్లలో పాతకాగితములు కుక్కి నీడ నారబెట్టుడు. రెండు మూడు మాసముల కొకసారి కొలత సరిచూడుడు. అన్నిటికంటె ముఖ్యము: బిడ్డ చెప్పువఱకు వేచియుండక, పరుగునాటి రాత్రి ఆ పాదములను మీరే చేతులలోనికి తీసికొని చూడుడు.