ఎడారిలో వంట

ఎడారి అనగానే మనకు మండే ఎండే గుర్తుకొస్తుంది. అయితే కువైట్‌లో ఉన్న రోజుల్లో మేము చలికి వణికింది కూడా ఎడారిలోనే. అక్కడ నవంబరు 15 నుండి మార్చి 15 వరకు గుడారాల కాలం. అరబ్బు కుటుంబాలు పట్నం విడిచి ఇసుకలో గుడారాలు వేసుకుంటాయి. అలా వెళ్లడాన్ని ‘కష్తా’ అంటారు. వారిని చూసి మన తెలుగువారికీ ఆ అలవాటు అబ్బింది.

ఒక శుక్రవారం ఆరాధన ముగిశాక పదహారుమందిమి రెండు వాన్లలో సాల్మీ రోడ్డు వైపు బయలుదేరాము. కట్టెలు, బొగ్గులు, నీళ్లు అన్నీ పట్నం నుండే తీసుకెళ్లాలి. ఇసుకలో అక్కడక్కడా కనిపించే అర్ఫజ్ పొద ఆ దేశపు జాతీయ పుష్పం. దానిని పెరకడం నేరం. పొయ్యికి గొయ్యి తవ్వబోయిన కుర్రవాణ్ణి వాను నడిపే అన్న ఆపాడు. “వద్దు తమ్ముడూ, 1990-91 యుద్ధం నాటి మందుపాతరలు ఇంకా అక్కడక్కడా బయటపడుతున్నాయి” అన్నాడు. అందుకని ఇనుప రేకు పరచి, దానిమీద ఇనుప ముక్కాలిపీట పెట్టి మంట వేశాము. గాలి వచ్చే వైపు వాన్లు అడ్డం నిలిపినా పులావులో ఇసుక పడనే పడింది.

ఆ రోజు వంట మగవాళ్లదే. మాతో వచ్చిన అక్కచెల్లెళ్లు కడప, గోదావరి జిల్లాలవారు. వారమంతా పరాయి ఇళ్లలో వండి వడ్డించేవారు. గరిటె ముట్టవద్దని ముందే చెప్పాము. రాయచోటి అక్క మాత్రం ఊరుకోలేక రుచి చూసి, “ఉప్పెవరు వేశారయ్యా?” అని మరో శేరు బియ్యం పోయించింది. ఆమె చెయ్యి పడకపోతే ఆ కోడి పులావు మా నోటికి అందేది కాదు!

పక్క గుడారంలోని అరబ్బు పెద్దాయన మా పాటలు విని వచ్చాడు. వేడి బూడిదలో కప్పి కాల్చిన రొట్టెను దులిపి, విరిచి, నెయ్యి రాసి అందరికీ పంచాడు. ఏలీయా అరణ్యంలో తిన్నది ఇలాంటిదేనేమో అనుకున్నాము.

రాత్రి చలి ముదిరింది. పొగ రావడం లేదు కదా అని ఎర్రటి బొగ్గులున్న కుంపటిని ఆడవాళ్ల గుడారంలో పెట్టి తలుపుగుడ్డ కట్టేశాము. ఆ పని చేసింది మేమే. కొంతసేపటికి ఒక చెల్లెలు తలనొప్పని లేచి, వాంతి చేసుకుని, గుమ్మంలోనే కూలబడింది. ఆ చప్పుడుకు మేము పరుగెత్తి గుడ్డలన్నీ లాగేసి అందరినీ బయటికి మోసుకొచ్చాము. బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన ఊళ్లలో బాలింత గదిలో తలుపులు మూసి కుంపటి పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి గనుక ఈ సంగతి దాచకుండా రాస్తున్నాము. కుంపటి పెడితే తలుపూ కిటికీ తెరిచి ఉంచండి, పడుకునే ముందు బయట పెట్టేయండి.

ఆ చెల్లెలిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాము. ఆక్సిజన్ పెట్టారు, తెల్లవారేసరికి కోలుకుంది. ఇక్కడ మిగిలినవారు నిద్రపోలేదు. కుంపటిని బయటే ఉంచి, దుప్పట్లు కప్పుకుని చుట్టూ కూర్చున్నారు. ఆమె కులాసా కబురు వచ్చాకే రాయచోటి అక్క టీ కాచి, డేక్సా అడుగున మాడిన పులావు గోకి అందరికీ తలా కాస్త పెట్టింది.