జూన్ 12న బడి గేటు దగ్గరకు రండి!
రాజాం సర్కారు బడి కోసం తల్లిదండ్రుల పిలుపు



పొద్దున్న ఏడున్నరకు ఆర్టీసీ కాంప్లెక్స్ ముందో, పాలకొండ రోడ్డులోనో ఓ పావుగంట నిలబడి చూడండి. ప్రైవేటు స్కూలు బస్సులు, వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి హారన్లు కొట్టుకుంటూ పోతుంటాయి. ఆటోలో డ్రైవరుకి అటొక గుంట, ఇటొక గుంట, బయటకు వేలాడే బ్యాగులు, ఇంకా నిద్ర తీరని కళ్లు. ఆ ఆటో మన వీధి సర్కారు బడి ముందు నుంచే పోతుంది. ఆ బడిలో గదులున్నాయి, బెంచీలున్నాయి, డీఎస్సీ రాసి నెగ్గిన మాస్టార్లున్నారు, మధ్యాహ్నం వేడన్నం ఉంది. పిల్లలే తగ్గిపోతున్నారు.

పిల్లలు తగ్గితే టీచరు పోస్టు తగ్గుతుంది. టీచరు తగ్గితే ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చుంటాయి. అది చూసి మరో నలుగురు తమ పిల్లల్ని మాన్పించి వ్యానెక్కిస్తారు. ఇలా జరిగి జరిగి చివరికి బడికి తాళం పడుతుంది. దీన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. ఆపగలిగేది మనమే.

బడి ఎందుకు ఇలా అయింది?

ఊళ్లో మాట చెల్లే వాళ్లంతా ముందు వెళ్లిపోయారు. ఆఫీసర్లు, వ్యాపారులు, నాయకులు, ఆఖరికి చాలామంది సర్కారు టీచర్లు కూడా తమ పిల్లల్ని ప్రైవేటులో వేశారు. మాట చెల్లే మనిషి పిల్లడు చదివే బడిలో కుళాయి పాడైతే సాయంత్రానికి బాగవుతుంది. జూట్ మిల్లు షిఫ్టుకి పరిగెత్తే తల్లి ఆ కుళాయి గురించి ఎవరిని అడగాలి? ఒక పూట సెలవు పెడితే ఆ పూట కూలి పోతుంది. అడిగేవాళ్లు లేని చోట పని ఎవరు చేస్తారు?

2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఇదే మాట తేల్చి చెప్పింది. సర్కారు సొమ్ము జీతంగా తీసుకునే అధికారులు, ప్రజాప్రతినిధులు, జడ్జిలు తమ పిల్లల్ని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనే చదివించేలా చూడమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తీర్పు అమలుకు నోచుకోలేదు. పెద్దలు వచ్చేదాకా ఆగితే మన పిల్లల చదువులు అయిపోతాయి. అందుకే మొదటి అడుగు మనం వేద్దాం.

ఏం వచ్చింది? ఏం రాలేదు?

సర్కారు ఏమీ చేయలేదంటే అది అబద్ధం. 2019 నవంబరు 14న బడులు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది. మొదటి విడతలోనే రాష్ట్రంలో 15,715 బడులకు మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బెంచీలు, రంగులు వచ్చాయి. 2025లో మెగా డీఎస్సీ పెట్టి 16,347 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లూ మారాయి. తల్లుల ఖాతాలో డబ్బు వేసే అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. గోరుముద్ద ఇప్పుడు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు అన్నీ ఇస్తున్నారు.

దెబ్బలూ తగిలాయి. 2022లో జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతుల పిల్లల్ని చాలాచోట్ల హైస్కూళ్లలో కలిపేశారు. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కర్తీ పెద్ద రోడ్డు దాటి పోవాలంటే ఏ తల్లి ధైర్యం చేస్తుంది? ఎంతోమంది వ్యాన్ మాట్లాడుకున్నది అప్పుడే. 2025లో ఆ జీవో రద్దయింది. వెళ్లిన పిల్లలు మాత్రం వాళ్లంతట వాళ్లు వెనక్కి రారు. మనం ఇళ్లకు వెళ్లి పిలవాలి.

ఇంకో చిల్లు ఉంది. ప్రైవేటు వాళ్లు మూడేళ్ల పిల్లని ఎల్‌కేజీలో పట్టేస్తారు. సర్కారు బడి ఒకటో తరగతికి తలుపు తీసేసరికి ఆ పిల్లకి అక్కడ స్నేహాలు కుదిరిపోయి ఉంటాయి. ఎల్‌కేజీ నుంచి పది దాకా 12 ఏళ్లు. ఆ 12 ఏళ్ల ఫీజులు, వ్యాను, పుస్తకాలు, ట్యూషన్ కలిపి ఈ రాత్రి ఓ కాగితం మీద లెక్క కట్టండి. ఎంత కుదువ పెట్టారో, ఎంత అప్పు తెచ్చారో పక్కన రాయండి. అది చూశాక ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడండి.

చట్టం మన చేతిలో పెట్టిన అధికారం

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. ఆ చట్టం ఏం చెబుతోందో బడి గేటు ముందు నిలబడే ప్రతి తల్లికీ తెలియాలి.

• ప్రతి సర్కారు బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురిని ఎన్నుకుంటారు, అందులో ఇద్దరు తల్లులు.

• బడి ఎలా నడుస్తోందో చూడడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడడం, బడికి ఏం కావాలో ప్లాను రాయడం ఈ కమిటీ పని. హెడ్మాస్టారు చూపించిన చోట సంతకం పెట్టి రావడం కాదు.

• ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉండాలి.

• ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, మంచి నీళ్లు, ఆటస్థలం, లైబ్రరీ ప్రతి బడిలో ఉండాలి.

• జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప వేరే పనులకు టీచర్లను పంపకూడదు.

• పిల్లని కొట్టకూడదు. వయసు సర్టిఫికెట్ లేదని, ఏడాది మధ్యలో వచ్చారని చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. తల్లికి వందనం కింద పిల్లకి 15,000 అంటున్నారు, తల్లి ఖాతాలో 13,000 పడుతుంది. మిగతా 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు మినహాయిస్తున్నారు. వంద మంది పిల్లలంటే 2 లక్షల రూపాయలు. మన పిల్లల పేరు మీద కోసిన డబ్బు అది. మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి ఆఫీసు గదిలో మేకుకి తగిలించి ఉంటే, తేలికగా వదిలేయకండి. ఆడపిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండేది ఆ తాళం వల్లే. ఎనిమిదో తరగతికొచ్చాక నెలకు నాలుగు రోజులు బడి మానేది కూడా ఆ తాళం వల్లే.

వలస పోయే ఇంటి పిల్లలు

మన జిల్లాల కథ మనకి తెలిసిందే. పనికోసం విశాఖ, హైదరాబాద్, చెన్నై పోతాం. పిల్లల్ని ముసలాళ్ల దగ్గర వదిలేస్తాం, లేదా వెంటబెట్టుకుని పోయి సగం ఏడాదికి తెస్తాం. 2011 లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత దాదాపు 59 శాతం, ఉమ్మడి రాష్ట్రం సగటు 67 శాతం. 

విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ ప్రకారం తన పరిధిలోని 14 ఏళ్ల లోపు పిల్లలందరి వివరాలూ స్థానిక సంస్థ దగ్గర ఉండాలి. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత కూడా దానిదే. 2005లో నగర పంచాయతీ కావడంతో రాజాం పట్నమయింది. పన్ను కడుతున్నాం. మరి బడి బయట ఉన్న మన పిల్లల జాబితా ఏదని మునిసిపాలిటీని అడుగుదాం. డోలపేట, సారధి, పొనుగుటివలస, ఏ పేటకి ఆ పేట జాబితా మనమే రాసి చేతిలో పెడదాం.

చదవడం వచ్చిందా?

గోడల రంగు కన్నా ముఖ్యమైనది ఇది. పిల్లల చదువుల మీద జరిగిన 2024 అసర్ సర్వేలో దేశంలోని గ్రామీణ సర్కారు బడుల్లో ఐదో తరగతి పిల్లలు వందలో 45 మంది మాత్రమే రెండో తరగతి పాఠం చదవగలిగారు. ఈ రాత్రే రెండో తరగతి తెలుగు వాచకం తీసి మీ ఐదో తరగతి పిల్ల చేత ఒక పేజీ చదివించండి. ప్రైవేటు బడి పిల్లయినా సరే. తడబడితే తిట్టొద్దు. మర్నాడు మాస్టారికి చెప్పండి, రోజూ ఓ గంట చదివించే ఏర్పాటు అడగండి.

మన ప్రాంతపు గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులు. సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తాను సవర భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. పిల్లకి అర్థమయ్యే మాటతో మొదలుపెట్టాలని ఆయన చేసి చూపించారు. మన పిల్లలకి ఇంగ్లీషు రావాలి, బాగా రావాలి. అయితే తెలుగులో చదివి అర్థం చేసుకోలేని పిల్ల ఇంగ్లీషులో బట్టీ మాత్రమే పడుతుంది.

టీచర్లకు ఒక మాట. మాస్టారూ, టీచరమ్మా, ఈ కరపత్రం మీ మీద కాదు. యాప్‌లలో ఫొటోలు ఎక్కించే పని మీకెంత భారమో మాకు తెలుసు. ఆ భారం తగ్గించమని మీ తరఫున మేం అడుగుతాం. మా తరఫున మీరొకటి చేయండి: మీ పిల్లల్నీ మన బడికే తీసుకురండి.

మేం అడుగుతున్నవి

1. బడి ప్రాంగణంలోనే అంగన్‌వాడీ ప్రీ ప్రైమరీ తరగతులు నడపాలి. మూడేళ్ల పిల్లకి మన బడిలోనే చోటు ఉండాలి.
2. 2025 నాటి కొత్త పద్ధతిలో మోడల్ ప్రైమరీ స్కూలంటే తరగతికో టీచరు. పిల్లల సంఖ్య ఉన్న బడికే అది దక్కుతుంది. పిల్లల్ని తెచ్చే బాధ్యత మాది, టీచర్లను ఇచ్చే బాధ్యత విద్యాశాఖది.
3. మరుగుదొడ్లు రోజూ కడగాలి, బడి సమయంలో తాళం ఉండకూడదు.
4. ప్రతి మూడు నెలలకూ వచ్చిన డబ్బు, అయిన ఖర్చు బడి గోడ మీద రాయాలి.
5. బడి వేళల్లో గేటు ముందు స్పీడ్ బ్రేకరు, రోడ్డు దాటించే మనిషి ఉండాలి.

కేరళలో 2017లో ప్రభుత్వ విద్య పరిరక్షణకు ఉద్యమం మొదలైంది. ప్రభుత్వంతో పాటు స్థానిక సంస్థలు, పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు చేయి కలిపారు. తర్వాతి ఏళ్లలో లక్షల మంది పిల్లలు సర్కారు, ఎయిడెడ్ బడుల్లో కొత్తగా చేరారు. అక్కడ అయిన పని ఇక్కడెందుకు కాదు? 1997 నుంచి ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న ఊరు మనది. ఎక్కడెక్కడి పిల్లలో చదువు కోసం రాజాం బస్సెక్కుతున్నారు. మన పేటల పిల్లలు ఆ కాలేజీ మెట్లెక్కాలంటే ఒకటో తరగతి గట్టిగా ఉండాలి.

మీరు చేయాల్సింది

తల్లిదండ్రులారా, జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ లోగా మీ వీధిలో బడి ఈడు పిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్లండి. తెరిచిన రోజు బడి గంటకు ముందే గేటు దగ్గరకు రండి. మరుగుదొడ్డి, కుళాయి, వంటగది, తరగతి గదులు మీ కళ్లతో చూడండి. కమిటీ మీటింగు తేదీ అడిగి రాసుకోండి. ఎన్నిక వచ్చినప్పుడు తల్లులు నిలబడండి.

కాలేజీ పిల్లల్లారా, వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వండి. చిన్న పిల్లల పక్కన కూర్చుని చదివించండి.

వ్యాపారుల్లారా, మీలో ఎంతోమంది ఈ బడుల్లోనే అక్షరాలు దిద్దారు. ఒక్కొక్కరు ఒక తరగతికి కథల పుస్తకాలు కొనివ్వండి.

అర్జీ ఇవ్వడం నేర్చుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది విజయనగరం జిల్లా, కాబట్టి కాగితం శ్రీకాకుళం కాదు, విజయనగరం వెళ్లాలి. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు, రసీదు అడిగి తీసుకోండి. 1100కి ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు. లెక్కలు చూపించకపోతే సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కరు అడిగితే గొడవ అంటారు. నలభై మంది తల్లులు సంతకం పెట్టి అడిగితే కుర్చీ వేసి కూర్చోబెడతారు.

బడి మనది! లెక్క అడుగుదాం!
మన పిల్లల్ని మన బడికే పంపుదాం!
తరగతికో టీచరు కావాలి! తాళం లేని మరుగుదొడ్డి కావాలి!

ఇట్లు,
రాజాం ప్రభుత్వ బడుల పిల్లల తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు

(చదివాక పారేయకండి. పక్కింటి వారికివ్వండి. చదువు రాని అమ్మకి చదివి వినిపించండి.)