చక్కెర వ్యాధికి ఒక్క పుస్తకము కావలెను

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ పత్రిక ద్వారా ఆరోగ్యశాఖ వారికిని, మన తెలుగు కుటుంబముల వారికిని ఒక మనవి.

భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తెలిపిన లెక్క ప్రకారము దేశములో 10 కోట్లమందికి పైగా మధుమేహమున్నది. ఇంతమందిని డాక్టర్లు మాత్రమే చూడజాలరు. ఇది గుర్తించియే తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5న మా కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 'మక్కళై తేడి మరుత్తువం' పథకమును ప్రారంభించినది. మహిళా కార్యకర్తలు ఇంటికి వచ్చి రక్తపుపోటు, చక్కెర చూచి మాత్రలిచ్చు ఏర్పాటిది. మెచ్చదగినదే.

కాని ఒకరు చేసినది మరొకరికి తెలియవలెను గదా! మా వీధిలో ఒక ముసలమ్మ సర్కారు మాత్రయు, ప్రయివేటు డాక్టరు వ్రాసిన మాత్రయు రెండును మ్రింగుచు వచ్చినది. పేర్లు వేరు, మందు ఒక్కటే. ఒకనాడు చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పినది. ఇంటివారు వెంటనే చూచిరి గనుక బ్రతికినది. ఒకరి చీటీ ఇంకొకరు చూడకపోవుటయే ఇందుకు కారణము.

నేను గుమాస్తాగా పనిచేసినవాడను. కచేరీలో కాగితము ఎన్ని బల్లలు దాటినను దస్త్రము ఒక్కటే. రోగి చేతను అట్టి పుస్తకమొకటి ఉండవలెను. తినుచున్న మాత్రలన్నియు, మూడు నెలల సగటు చక్కెర, ఏటేట జరుపవలసిన కండ్ల, పాదముల, మూత్రపిండముల పరీక్షలు అందులో ఎక్కవలెను. కార్యకర్త కొలతలు వ్రాయవలెను. నర్సు పాదములు చూచి, ఇన్సులిన్ వేసుకొనుట నేర్పవలెను. మందులిచ్చువారు ఒకే మందు రెండుమార్లు పడకుండ చూడవలెను. డాక్టరు అన్నియు చూచి మోతాదు నిర్ణయింపవలెను. గడువు దాటినను రానివారిని పిలిపించు బాధ్యత ఒక్కరికే అప్పగింపవలెను. పదిమందిలో పాము చావదు.

మరొక మాట. మా ముసలివారిలో పలువురికి తమిళము మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు. 'పరగడుపున', 'భోజనమైన తరువాత' అని మాత్రల పొట్లముపై తెలుగున వ్రాసి పెట్టుట చదువుకొన్న మన పిల్లలకు ఎంత పని? పుస్తకము వచ్చువరకు ఇంటనున్న చీటీలు, మాత్రలు అన్నియు ఒక సంచిలో వేసి, ఏ డాక్టరు వద్దకు పోయినను ముందుంచవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హోసూరు.